పిల్లికూతలు ఆగాయంటే ఆయాసం తగ్గినట్టేనా?

ప్రశ్న: మా బాబుకు 7 ఏళ్లు, 20 కిలోలు ఉంటాడు. మూడో ఏటి నుంచి ఉబ్బసం. మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లె. పిల్లల ఐసీయూ ఉన్న ఆసుపత్రికి గంటన్నర ప్రయాణం. పోయిన నెలలో ఒక రాత్రి 11 గంటలకు ఆయాసం మొదలైంది. ఇంట్లో నెబులైజర్ ఉంది కదా అని గంటకోసారి పెడుతూ కూర్చున్నాం. మా అత్తయ్య ఆవిరి పట్టించింది. 2 గంటలకు ఊళ్లో ఆర్‌ఎంపీ గారిని లేపుకొస్తే రెండు ఇంజెక్షన్లు చేశారు. 4 గంటలకు పిల్లికూతలు తగ్గి బాబు కళ్లు మూసుకున్నాడు. హమ్మయ్య అనుకుని మేమూ నడుం వాల్చాం. 5 గంటలకు చూస్తే పెదాలు నల్లబడి ఉన్నాయి, పిలిస్తే సరిగా పలకలేదు. కారు మాట్లాడుకుని ఆసుపత్రికి చేరేసరికి తెల్లారింది. ఐసీయూలో నాలుగు రోజులు ఉంచి బతికించారు. ఇప్పుడు చీకటి పడితే చాలు, నాకు గుండెల్లో దడ. మళ్లీ వస్తే ఇంట్లో ఏం చేయాలి? ఇన్‌హేలర్ ఎన్నిసార్లు కొట్టొచ్చు? ఎక్కువైతే గుండెకు ప్రమాదం అంటారు, నిజమేనా? ఎప్పుడు బయల్దేరాలి? ఇంట్లో ఆక్సిజన్ సిలిండర్ పెట్టుకోమంటారా? వచ్చే మృగశిర కార్తెకు చేపమందు వేయిద్దామని అత్తయ్య పట్టుబడుతోంది. ఏం చెప్పను?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదువుతూ 4 గంటల దగ్గర ఆగిపోయాను. కూతలు తగ్గాయి, కళ్లు మూసుకున్నాడు, హమ్మయ్య అనుకున్నాం అన్నారు. మీ స్థానంలో ఎవరున్నా అలాగే అనుకుంటారు. అందుకే ముందు ఆ సంగతే చెబుతాను, ఇన్‌హేలర్ ఎన్నిసార్లు కొట్టాలన్న పఫ్‌ల లెక్క తర్వాత.

ఉబ్బసం తిరగబెట్టినప్పుడు ఊపిరితిత్తుల్లోని సన్న గొట్టాల చుట్టూ ఉండే కండరం బిగుసుకుంటుంది, లోపలి పొర వాస్తుంది, చిక్కటి కఫం అడ్డుపడుతుంది. ఆ ఇరుకులోంచి గాలి బలవంతంగా బయటికి వస్తుంటే వినపడేదే పిల్లికూత. గాలి ఆడుతుంటేనే కూత. గొట్టాలు మరీ మూసుకుపోయి గాలి ఆడటమే తగ్గిపోయిందనుకోండి, కూత కూడా ఆగిపోతుంది. స్టెతస్కోపు పెడితే ఏమీ వినపడదు. కూతలు పెడుతూ ఏడుస్తున్న పిల్లవాణ్ని చూసి కంగారు పడని డాక్టర్లు కూడా, ఛాతీలో చప్పుడు లేకుండా మగతగా పడి ఉన్న పిల్లవాణ్ని చూస్తే పరుగెడతారు. ఆ వేళకి మీ బాబు ఊపిరి కండరాలు మిర్చి యార్డులో రాత్రంతా బస్తాలు మోసిన మనిషిలా అలిసిపోయి ఉంటాయి. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటే మగత కమ్ముతుంది. అది నిద్రలా కనిపిస్తుంది, అంతే.

మరి నిజంగా తగ్గిందని ఎలా తెలుస్తుంది? తగ్గిన పిల్లవాడు ముందు మాట్లాడతాడు. మంచినీళ్లు అడుగుతాడు, టీవీ పెట్టమంటాడు, అమ్మ మీద విసుక్కుంటాడు. పడుకున్నా డొక్కలు ఎగరవు, ఊపిరి నిదానిస్తుంది, తట్టి పిలిస్తే చిరాగ్గానైనా పలుకుతాడు. కూత వినపడటం మానేసి, డొక్కలు మాత్రం ఎగురుతూనే ఉన్నాయంటే, లేదా లేపితే తూలుతున్నాడంటే, అది తగ్గడం కాదు. ఆ క్షణానే బయల్దేరాలి.

ఆయాసం అనిపించగానే లైటు వేసి చొక్కా విప్పండి. చలికాలం స్వెట్టరు మీంచి చూస్తే ఏమీ తెలియదు. పక్కటెముకల మధ్య చర్మం, కంఠం కింద గుంట ప్రతి ఊపిరికీ లోపలికి గుంజుకుంటున్నాయా? ముక్కుపుటాలు అదురుతున్నాయా? పడుకోలేక ముందుకు వంగి, చేతులు మోకాళ్ల మీద ఊని కూర్చుంటున్నాడా? ఇప్పుడు మీ స్కూలు పేరు, టీచరు పేరు చెప్పరా అని అడగండి. వాక్యం పూర్తి చేయలేక రెండేసి మాటలకు ఆగుతుంటే అది తీవ్రమైన ఆయాసమే. గడియారం చూస్తూ నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. 5 ఏళ్లు దాటిన పిల్లల్లో నిమిషానికి 30 దాటితే, 2 నుంచి 5 ఏళ్ల వాళ్లలో 40 దాటితే ప్రమాదం వైపు వెళ్తున్నట్టు. ఇంకా చిన్న పిల్లలైతే పాలు తాగలేకపోవడం, ఏడుపు సన్నగిల్లడమే గుర్తు. పెదాలు, నాలుక నీలంగానో నల్లగానో మారడం, మగత, మతి తప్పినట్టు మాట్లాడటం, ఛాతీలో చప్పుడు లేకపోవడం, వీటిలో ఒక్కటి కనిపించినా ప్రాణాపాయమే. ఇంకో గుర్తు కోసం ఎదురుచూడకండి.

ఇక పఫ్‌లు. అప్పటికప్పుడు గొట్టాలు తెరిచే మందు సాల్బుటమాల్, మీ ఇంట్లో ఉండే ఆస్థాలిన్ అదే. పఫ్‌కు 100 మైక్రోగ్రాములు. లెవోలిన్ అనే మరో ఇన్‌హేలర్‌లో 50 ఉంటుంది కానీ పని దాదాపు సమానం, పఫ్‌ల లెక్క మారదు. బాబును నిటారుగా కూర్చోబెట్టి, డబ్బా బాగా ఊపి, స్పేసర్‌లో (ఇన్‌హేలర్‌కు తగిలించే బోలు గొట్టం) ఒక పఫ్ కొట్టి, మామూలుగా నాలుగైదు ఊపిరులు తీయించండి. మళ్లీ ఊపి ఇంకొకటి. రెండు మూడు పఫ్‌లు ఒకేసారి కొట్టేస్తే మందు గోడలకు అంటుకుని వృథా అవుతుంది. అలా 4 పఫ్‌లు ఇచ్చి, 4 నిమిషాలు చూసి, తేడా లేకపోతే మరో 4 ఇవ్వండి. అప్పటికీ స్పష్టంగా తగ్గకపోతే ఇంట్లో చేయాల్సిన పని అయిపోయింది. ఇక మిగతావి బండిలోనే. ఉబ్బసానికి ప్రపంచమంతా పాటించే గినా మార్గదర్శకాలు 6 ఏళ్లు, ఆపై పిల్లలకు తీవ్రత తగ్గే వరకు మొదటి గంటలో 20 నిమిషాలకోసారి 4 నుంచి 10 పఫ్‌లు ఇవ్వొచ్చంటాయి. 5 ఏళ్లు, ఆలోపు వాళ్లకు ఇంట్లో 2 పఫ్‌లతో మొదలుపెట్టి, 20 నిమిషాలకోసారి మరో రెండుసార్లు ఇవ్వొచ్చు. 2 గంటల్లో 6 పఫ్‌లు దాటాల్సి వస్తే వెంటనే ఆసుపత్రే. మీ పిల్లల డాక్టరు ప్రత్యేకంగా సంఖ్య రాసిచ్చి ఉంటే అదే పాటించండి. రాసివ్వకపోతే ఈసారి వెళ్లినప్పుడు అడిగి రాయించుకోండి.

గుండె మాట అడిగారు. పఫ్‌లు పడ్డాక గుండె వేగంగా కొట్టుకోవడం, చేతులు వణకడం, పిల్లవాడు కుదురుగా ఉండకపోవడం నిజమే. కాసేపటికి సర్దుకుంటాయి. ఆయాసంతో ఆక్సిజన్ పడిపోవడం వల్ల గుండెకు జరిగే హాని ముందు ఇది చిన్న విషయం. ఒక లెక్క చెబుతాను చూడండి. నెబులైజర్‌లో పోసే ఆస్థాలిన్ గొట్టం ఒక్కోదానిలో 2.5 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. అంటే 25 పఫ్‌లంత. అందులో చాలా భాగం పొగలా గాల్లో కలిసిపోతుందనుకోండి. అయినా 10 పఫ్‌లంటే భయపడే ఇళ్లలో గంటకో నెబులైజేషన్ మాత్రం ధైర్యంగా పెడతారు. ‘పంపు’ అలవాటైపోతుందన్న భయం తరతరాలుగా అలా ఉండిపోయింది. కరెంటు మిషన్‌కు ఆ చెడ్డపేరు రాలేదు.

ఇప్పుడు కాస్త కటువుగా ఒక మాట. ఆ రాత్రి మీ ఇంట్లో నెబులైజర్ లేకపోయి ఉంటే బాబును ఒంటిగంట లోపే ఆసుపత్రికి తీసుకెళ్లేవారని నా నమ్మకం. మిషన్ ఉండటం వల్ల చికిత్స జరుగుతోందన్న ధైర్యం వచ్చింది, ఆ ధైర్యం ఐదారు గంటలు తినేసింది. నెబులైజర్ చెడ్డదని నేననడం లేదు. ఆసుపత్రిలో మేమూ వాడతాం, కానీ అక్కడ తీవ్రమైన ఆయాసానికి దాన్ని ఆక్సిజన్‌తో నడుపుతాం. ఇంట్లోది గది గాలితో నడుస్తుంది. పైగా ఒక మోస్తరు ఆయాసానికి స్పేసర్‌తో ఇచ్చే పఫ్‌లు పిల్లల్లో నెబులైజర్‌కు ఏమీ తీసిపోవు, గుండె దడ కూడా తక్కువ. కరెంటు అక్కర్లేదు, కారులో ఇవ్వొచ్చు. ఇంకో సంగతి, చాలా ఇళ్లలో ఆయాసం ముంచుకొస్తున్నప్పుడు బుడెకార్ట్ నెబులైజేషన్ పెడుతుంటారు. అది రోజూ వాడుతూ వాపు రాకుండా చూసుకునే మందు. ఆ నిమిషానికి గొట్టాలు తెరవదు.

బ్రిటన్‌లో ఉబ్బసంతో చనిపోయిన 195 మంది వివరాలను ఒక్కొక్కటిగా పరిశీలించి 2014లో ఒక నివేదిక ఇచ్చారు. అందులో 45 శాతం మంది వైద్యసాయం కోరకుండానో, కోరినా అది అందేలోపో పోయారని తేలింది. అంబులెన్సు, ఉచిత వైద్యం అన్నీ ఉన్న దేశమది. మందు లేక కాదు, ఇంకాసేపు చూద్దామనుకునే ఇంటి వాతావరణం వల్ల కూడా ప్రాణాలు పోతాయి. అందుకే రాత్రి తీసుకోవాల్సిన నిర్ణయం పగలే తీసేసుకోండి. ఇంట్లో అందరూ కూర్చుని, అత్తయ్యగారితో సహా, ఒక కాగితం మీద రాసి బీరువా తలుపుకు అంటించండి. రాత్రి ఆ కాగితమే పెద్ద. ఎవరి సలహా అడగక్కర్లేదు.

ఆ కాగితం మీద ఏం రాయాలంటే: తీవ్రమైన గుర్తుల్లో ఏదైనా ఉంటే ముందు బయల్దేరి, పఫ్‌లు దారిలో, 10 వరకు ఒకదాని తర్వాత ఒకటి. గుర్తులు లేకపోయినా 4, మళ్లీ 4 పఫ్‌లకు తగ్గకపోతే బయల్దేరడం. తగ్గినా ఆ ఫలితం 3, 4 గంటలు నిలవక మళ్లీ పఫ్‌లు కావాల్సి వస్తే అప్పుడూ బయల్దేరడమే, రాత్రి ఎంతైనా సరే. ఒకసారి ఐసీయూ దాకా వెళ్లొచ్చిన పిల్లలకు మళ్లీ అలాంటి ప్రమాదం మిగతావాళ్లకన్నా ఎక్కువ. మీకు దూరం కూడా తోడైంది. కాబట్టి పట్నంలో ఆసుపత్రి పక్కన ఉన్నవాళ్లు ఒక గంట చూసినా మీరు చూడకూడదు. పదిసార్లలో నాలుగుసార్లు దారిలోనే తగ్గిపోయి అనవసరంగా వచ్చామనిపించినా ఫర్వాలేదు, ఆ కిరాయి దండగ అనుకోకండి.

108కి ఫోన్ చేసినప్పుడు ‘జ్వరం, ఆయాసం’ అని ఊరుకోకుండా ‘ఏడేళ్ల పిల్లవాడు, ఉబ్బసం, మాట్లాడలేకపోతున్నాడు, ఆక్సిజన్ కావాలి’ అని చెప్పండి. ఆ సేవ మన దగ్గర 2005 ఆగస్టు 15న మొదలైంది. ఇన్నేళ్లయినా అది రోడ్డు ప్రమాదాలకూ కాన్పులకూ అనే చాలామంది అనుకుంటారు. అది రావడానికి ఆలస్యమయ్యేలా ఉంటే కారో ఆటోనో ఎక్కి ఎదురెళ్లండి. ఎక్కడ కలుసుకోవాలో ఫోన్లోనే మాట్లాడుకోవచ్చు. బైకు మీద ఇద్దరి మధ్యా కూర్చోబెట్టుకుని వెళ్లడం మాత్రం వద్దు. చల్లగాలి ఒక ఇబ్బంది, దారిలో పఫ్‌లు ఇవ్వలేకపోవడం అంతకన్నా పెద్ద ఇబ్బంది. బండిలో పడుకోబెట్టకండి, మీ ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకోండి. ప్రాణాపాయ గుర్తులుంటే గంటన్నర దూరంలోని పెద్దాసుపత్రికి నేరుగా పరుగెత్తకుండా దారిలో ఆక్సిజన్, రాత్రి డాక్టరు ఉన్న చోట ముందు ఆగండి. ఆక్సిజన్, మొదటి మందులు పడ్డాక అక్కణ్నుంచి పంపిస్తారు. ఏ ప్రభుత్వాసుపత్రిలో రాత్రి డ్యూటీ డాక్టరు నిజంగా ఉంటారో, ఎక్కడ బోర్డు మాత్రమే ఉంటుందో ఒకరోజు పగలు మీవారిని పంపి కనుక్కోండి. దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

ఒక సంచి ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. నిండు ఇన్‌హేలర్, స్పేసర్, మాస్కు, పాత డిశ్చార్జి సమ్మరీ, ఎన్టీఆర్ వైద్య సేవ (పాత ఆరోగ్యశ్రీ) కార్డు, కొంత డబ్బు. క్యాజువాలిటీలో మొదటి అర నిమిషంలో చెప్పాల్సినవి: ఉబ్బసం ఉంది, ఇటీవలే ఐసీయూలో ఉన్నాడు, ఆయాసం ఎన్నింటికి మొదలైంది, ఇప్పటిదాకా ఎన్ని పఫ్‌లు పడ్డాయి, ఏ ఇంజెక్షన్ చేశారు. ఆ చివరిది మరిచిపోకండి. పల్లెల్లో ఆయాసానికి ఎక్కువగా చేసే ఇంజెక్షన్ డెరిఫిల్లిన్. ఆ జాతి మందు సరిపడే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య తేడా చాలా తక్కువ. తెలియక ఆసుపత్రిలో అదే రకం మందు మళ్లీ పడితే వాంతులు, ఫిట్స్, గుండె లయ తప్పడం దాకా పోవచ్చు. అలర్జీకి వేసే ఆవిల్ లాంటివైతే మగత తెప్పిస్తాయి. అలిసిపోయి తూలుతున్నాడో, మందుకి తూలుతున్నాడో మాకు కూడా తేల్చుకోవడం కష్టమవుతుంది. మీ బాబుకు ఆ రాత్రి ఏమిచ్చారో నాకు తెలియదు, ఆ ఆర్‌ఎంపీ గారిని నిందించడమూ నా ఉద్దేశం కాదు. అర్ధరాత్రి లేచొచ్చిన మనిషి. కానీ ఈసారి ఆయన్ని ఇంజెక్షన్ అడగకుండా బండి మాట్లాడిపెట్టమని అడగండి. ఏదైనా చేసుంటే ఖాళీ సీసా తీసుకెళ్లండి.

ఆవిరి మాటకొస్తే, బిగుసుకున్న గొట్టాలను ఆవిరి తెరవదు. వేడినీళ్లు ఒలికి కాలిన పిల్లలు ఆసుపత్రులకు వస్తూనే ఉంటారు. దగ్గు సిరప్, నిద్రమందు, ఒంటినిండా ఘాటు తైలాలు, ఏవీ వద్దు. తాగగలిగితే గుక్కెడు నీళ్లు చాలు.

ఆసుపత్రిలో ఏం జరుగుతుందో తెలిస్తే మీకు భయం కొంత తగ్గుతుంది. ముందు మాస్కుతో ఆక్సిజన్. రక్తంలో ఆక్సిజన్ 94 శాతానికి తగ్గకుండా చూస్తారు. దానితోపాటే సాల్బుటమాల్‌లో ఇప్రాట్రోపియం అనే రెండో మందు కలిపి మొదటి గంటలో 20 నిమిషాలకోసారి నెబులైజేషన్. ఆ గంటలోపే స్టెరాయిడ్ పడాలి. పిల్లవాడు మింగగలిగి, వాంతి చేసుకోకపోతే నోటి ద్వారా ఇచ్చిన స్టెరాయిడ్ సూదిమందుతో సమానంగా పనిచేస్తుంది. ‘సెలైన్ కూడా పెట్టలేదు, ఇదేం ఆసుపత్రి’ అని బంధువులు గొడవకు దిగుతుంటారు, దయచేసి వాళ్లను ఆపండి. వీటికి లొంగకపోతే మెగ్నీషియం సల్ఫేట్‌ను 20 నిమిషాల పాటు రక్తనాళంలోకి ఎక్కిస్తారు. ఆ తర్వాత ముక్కు గొట్టాల ద్వారా వేగంగా వెచ్చటి ఆక్సిజన్ పంపే యంత్రం, ఐసీయూ, అన్నిటికన్నా చివర వెంటిలేటర్. ఎక్స్‌రే, యాంటీబయాటిక్ ప్రతిసారీ అవసరం లేదు. డాక్టరు రాయకపోతే అడిగి మరీ రాయించుకోకండి. ఇంటికి పంపేటప్పుడు మాత్రం ఒకటి చూసుకోండి: రిలీవర్ (సాల్బుటమాల్‌లా అప్పటికప్పుడు గొట్టాలు తెరిచే మందు) 3, 4 గంటలకోసారి ఇస్తే సరిపోతోందా, ఆక్సిజన్ లేకుండా 94 పైన నిలుస్తోందా? గంటకోసారి కావాల్సి వస్తున్న పిల్లవాణ్ని పండగనో, ఖర్చనో బలవంతంగా డిశ్చార్జి చేయించుకోవద్దు.

ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ను కొందరు డాక్టర్లు ఇంట్లో ఉంచుకోమని రాసిస్తారు. మీకంత దూరం కాబట్టి అడగండి. కిలోకు 1 నుంచి 2 మిల్లీగ్రాములు, ఈ వయసుకు రోజుకు 40 మించకుండా, 3 నుంచి 5 రోజులు ఇవ్వడం మామూలు. సిరప్ రెండు బలాల్లో దొరుకుతుంది, ఒకటి ఇంకోదానికి మూడింతలు. కాబట్టి ‘ఒక మూత’ అని కాక ఏ సీసా, ఎన్ని ఎంఎల్ అని రాయించుకోండి. అది పనిచేయడం మొదలుకావడానికే కొన్ని గంటలు పడుతుంది. మాత్ర వేశాం కదా అని ఇంట్లో కూర్చుంటే మళ్లీ నెబులైజర్ కథే.

సిలిండర్ వద్దంటాను. మీ డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప. సిలిండర్ ఆక్సిజన్ పెదాల రంగును, ఆక్సీమీటర్ అంకెను కాసేపు బాగు చేస్తుంది కానీ గొట్టాలు తెరవదు, అలిసిన కండరాన్ని లేపదు. ఆసుపత్రికి బయల్దేరడం వాయిదా వేయడానికి ఇంకో కారణం దొరుకుతుంది. ఆ డబ్బుతో రెండు స్పేసర్లు, రెండు ఇన్‌హేలర్లు కొనండి. పల్స్ ఆక్సీమీటర్ కోవిడ్ నుంచి చాలా ఇళ్లలో ఉంది. ఉంటే వాడండి, 92 కన్నా తగ్గితే పరుగెత్తండి. కానీ పెద్దవాళ్ల క్లిప్పు చిన్న వేలికి వదులుగా ఉంటుంది, చల్లటి వేళ్ల మీద తప్పు చూపిస్తుంది, ఒంటి రంగు నలుపైతే ఉన్నదానికన్నా ఎక్కువ చూపించే అవకాశమూ ఉంది. అంకె 96 ఉండి డొక్కలు ఎగురుతుంటే డొక్కల్నే నమ్మండి.

స్పేసర్ పగిలిందనో, పెళ్లికి వెళ్తూ మరిచిపోయామనో చాలామంది నేరుగా నోట్లో కొడతారు. ఆయాసంలో ఉన్న పిల్లవాడికి అది గొంతులోనే ఆగిపోతుంది. కేప్‌టౌన్‌లోని పిల్లల డాక్టర్లు అర లీటరు ప్లాస్టిక్ నీళ్ల సీసా అడుగున ఇన్‌హేలర్ మూతి పట్టేంత రంధ్రం చేసి, చుట్టూ గాలి పోకుండా అతికించి స్పేసర్‌గా వాడి చూశారు. 1999లో ప్రచురించిన ఆ అధ్యయనంలో అది కొనే స్పేసర్‌తో సమానంగా పనిచేసింది. థర్మాకోల్ కప్పు మాత్రం బాగా వెనకబడింది. కొన్న స్పేసర్‌ను వారం పది రోజులకోసారి సబ్బు చుక్క కలిపిన నీళ్లలో ముంచి తీసి, గుడ్డతో తుడవకుండా ఆరనివ్వండి. తుడిస్తే లోపల పుట్టే స్థిర విద్యుత్తు మందును గోడలకు లాగేస్తుంది. ఆస్థాలిన్ డబ్బాలో 200 పఫ్‌లుంటాయి. లెక్క చూపే కౌంటర్ లేని డబ్బా అయితే మొదలుపెట్టిన తేదీ రాసుకుని లెక్కపెట్టుకోవాల్సిందే. నీళ్లలో వేసి తేలుతుందా అని చూసే పాత పద్ధతి నమ్మదగ్గది కాదు, ఊపితే వచ్చే చప్పుడూ అంతే.

అన్ని ఆయాసాలూ ఉబ్బసం కావు. ఏదో తిన్న కాసేపటికో, కందిరీగ కుట్టాకో ఒళ్లంతా దద్దుర్లు, ముఖం వాపు, వాంతితో ఆయాసం ముంచుకొస్తే అది తీవ్రమైన అలర్జీ. దానికి ముందు పడాల్సింది అడ్రినలిన్ ఇంజెక్షన్, పఫ్‌లతో ఆగితే చాలదు. బాగా ఆడుకుంటున్న చిన్నపిల్ల వేరుశనగ పలుకులు తింటూ పొలమారి, అప్పటి నుంచి కూతలు మొదలైతే పలుకు ఊపిరి గొట్టంలో ఇరుక్కుందేమో చూడాలి. మీ బాబుకు కాకపోయినా ఇరుగుపొరుగు పిల్లలకు పనికొస్తుంది.

చేపమందు. హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో మృగశిర నాడు బత్తిని కుటుంబం ఇచ్చే ప్రసాదం కోసం లక్షలమంది నమ్మకంతో వస్తారని నాకు తెలుసు. అది ఉబ్బసాన్ని తగ్గిస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. అత్తయ్యగారితో నమ్మకం గురించి వాదన పెట్టుకోకండి, గెలవరు, గెలిచినా లాభం లేదు. రెండు షరతులు మాత్రం చెప్పండి. ఒకటి, వేయించినా వేయించకపోయినా రోజూ వాడే మందు ఒక్కపూట కూడా ఆగదు. రెండు, ఇటీవలే ఐసీయూలో ఉండి, అప్పటికి ఏమాత్రం ఆయాసంగా ఉన్నా ఆ జనంలో, ఆ క్యూలో గంటల తరబడి నిలబెట్టడం కుదరదు. ఆయాసపడే పసివాడి గొంతులోకి బతికున్న కొర్రమీను పిల్లను జార్చడం నాకైతే భయమే, పైకే చెబుతున్నాను.

ఇక రోజూ వాడే మందు సంగతి మీరు అడగలేదు, నిజానికి మీ ఉత్తరంలో దాని ఊసే లేదు. అదే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. ఏడాదికి మూడు డబ్బాలు, అంతకు మించి రిలీవర్ ఖర్చవుతోందంటే తీవ్రమైన ఆయాసాలు వచ్చే ప్రమాదం పెరుగుతుంది, పన్నెండు దాటితే ప్రాణం పోయే ప్రమాదం కూడా. మీ ఇంట్లో ఎన్ని ఖర్చయ్యాయో మెడికల్ షాపు బిల్లులు చూసి లెక్కేయండి. రోజూ పీల్చే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ రాసిచ్చారా, రాసిస్తే బాబు బాగున్న రోజుల్లో కూడా వాడుతున్నారా? బాగున్నాడని మానేయడం వల్లే చాలామంది ఐసీయూకు వస్తారు. ఇంట్లో సాంబ్రాణి పొగ, దోమల కాయిల్ ఆపేయండి. మిరపకాయలు ఆరబోసే కళ్లాల వైపు, పాత టైర్లు వేసే భోగి మంటల దగ్గరికి వాణ్ని పంపకండి.

స్కూల్లో ఒక ఇన్‌హేలర్, స్పేసర్ విడిగా ఉంచండి, హెడ్‌మాస్టర్ గది బీరువాలో తాళం వేసి కాదు, క్లాసు టీచరు చేతికందే చోట. బీరువా మీద అంటించిన కాగితానికి జిరాక్సు తీసి ఆమెకీ ఇవ్వండి, ఒకసారి ఎలా కొట్టాలో ఎదురుగా చూపించండి. డిశ్చార్జి తర్వాత డాక్టరుకి మళ్లీ చూపించారో లేదో మీరు రాయలేదు. చూపించకపోయుంటే ఈ వారమే వెళ్లండి. వెళ్లేటప్పుడు మందులన్నీ సంచిలో వేసుకెళ్లి, డాక్టరు ముందే బాబు చేత స్పేసర్ వాడించండి. మాస్కు వదులుగా పట్టుకోవడమో, డబ్బా ఊపకపోవడమో, ఖాళీ డబ్బా వాడుతుండటమో అక్కడే బయటపడుతుంది.